ఏ కాలువ కిందండీ?

కోనసీమలో పొలం చూడ్డానికి వెళ్లినవాడు సర్వే నంబరు ఆఖర్న అడుగుతాడు. ముందు అడిగేది "ఏ కాలువ కిందండీ?" అనే. మలికిపురం పక్కన చేనున్న రైతయితే, "గన్నవరం కాలువ కిందండి. అక్విడెక్టు దాటి రాజోలు వైపు వచ్చేదే. మా బోదె మీద మూడో తూము మాదండి, ఆయ్" అంటాడు.

విన్నవాడికి ఇక వేరే పటం అక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా బ్యారేజీ. ఆ పక్కనే బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా ప్రధాన కాలువ బయల్దేరుతుంది. సినిమా షూటింగులతో పేరుపడ్డ లొల్ల లాకుల దగ్గర అది చీలుతుంది. అమలాపురం వైపు ఒకటి, గన్నవరం వైపు ఒకటి, ఇంకా చిన్నవి. గన్నవరం కాలువకి గోదావరి వైనతేయ పాయ అడ్డొస్తుంది. అక్కడ నదిని కింద నుంచి పోనిచ్చి, కాలువ వంతెనెక్కి పైనుంచి నది దాటుతుంది. 1850లలో 49 వంపులతో కట్టిన ఆ పాత అక్విడెక్టు పక్కనే ఇప్పుడు కొత్తది నడుస్తోంది. దానికి అన్నదానానికి పేరొందిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. నది దాటిన నీరు రాజోలు సీమలోకి దిగి చిన్న కాలువలుగా, కాలువలు బోదెలుగా, బోదెలు తూములుగా చీలిపోతాయి. 1847లో ఆర్థర్ కాటన్ మొదలుపెట్టి 1852కి ముగించిన ఆనకట్ట పుణ్యమా అని, మధ్య డెల్టాలో సుమారు 2 లక్షల ఎకరాలు ఇలా ఒకే మొదలుకి వేలాడుతున్నాయి.

దీన్ని తలకిందులుగా పట్టుకుంటే చెట్టు. ధవళేశ్వరం మొదలు, తూము ఆకు. ప్రతి కాలువకీ నీరిచ్చే తల్లి కాలువ ఒక్కటే. పిల్ల కాలువలు ఎన్నయినా ఉండొచ్చు.

మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఇలాంటి చెట్టు ఒకటుంది. దాని పేరు డివైస్ ట్రీ. ఫోన్ లేవగానే, ఇంకా తెర వెలక్కముందే, లోపలి కెర్నెల్ చేతికి ఆ చెట్టు అందుతుంది. ఏ చిప్పు ఏ తీగల కింద ఉందో, ఎవరి కాలు ఎవరికి తగిలిందో అందులో రాసి ఉంటుంది. ఆ చెట్టులో ఒక కొమ్మని సీ భాషలో రాసిన ప్రోగ్రాము ఎలా పిలుస్తుంది? దారి చెప్పా, పేరు పెట్టా, నంబరు ఇచ్చా? ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. వినడానికి చిన్న సంగతే. రాత్రి రెండింటికి ప్రోగ్రాము కంపైల్ కానప్పుడు ఎంత పెద్దదో తెలుస్తుంది.

అసలు చెట్టు ఎందుకు కావాల్సొచ్చింది? కంప్యూటరుకి పెన్‌డ్రైవ్ పెడితే అది తన పేరు తనే చెప్పుకుంటుంది. "నేను ఫలానా కంపెనీ దాన్ని, ఫలానా పని చేస్తాను" అంటుంది. యూఎస్‌బీ, పీసీఐ లాంటి దారులకి ఆ మర్యాద తెలుసు. రెండు రూపాయి బిళ్లలంత సర్క్యూట్ బోర్డు మీద రెండు సన్నని తీగలకి తగిలించిన ఉష్ణోగ్రత చిప్పుకి ఆ మర్యాద లేదు. ఐ2సీ అనే ఆ రెండు తీగల దారిలో మీరు 72వ నంబరుని పిలిస్తే, అక్కడ ఎవరైనా ఉంటే "ఊఁ" అంటారు. అంతే. ఊఁ కొట్టింది ఉష్ణమాపకమో, గడియారమో, వేరే ఏదో చెప్పదు. బోదెలో నీళ్లు కూడా అంతేగా! తూము ఎత్తితే పారతాయి, ఎవరి చేలోకి పారుతున్నాయో నీటికి పట్టదు. అది తెలియాల్సింది గట్టు మీద తిరిగే లస్కరుకి.

ఒకప్పుడు ఆ తెలివంతా సీ ప్రోగ్రాములోనే ఉండేది. ప్రతి బోర్డుకీ ఒక ఫైలు. "ఈ బోర్డులో రెండో ఐ2సీ మీద 72వ నంబరులో ఉష్ణమాపకం ఉంది" అని సీలో రాసి కెర్నెల్‌లో కలిపేవారు. బోర్డు మారితే మళ్లీ ఫైలు, మళ్లీ కంపైల్. ఏఆర్ఎమ్ చిప్పుల ఫోన్లు పుట్టగొడుగుల్లా మొలిచే కాలానికి లినక్స్ కెర్నెల్ ఈ ఫైళ్లతో నిండిపోయింది. ఒక్కో కంపెనీ తన లాకుకి తన తాళం తయారుచేసుకున్నట్టు. 2011 మార్చిలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్‌కి ఓపిక నశించి, ఏఆర్ఎమ్ వాళ్లని గట్టిగానే కోప్పడ్డాడు. ఆ తర్వాతే ఆ ప్రపంచం డివైస్ ట్రీ వైపు గట్టిగా మళ్లింది.

చెట్టు ఆలోచన అప్పటికే పాతది. సన్ కంపెనీ యంత్రాల్లో, కంప్యూటరు లేవగానే నడిచే చిన్న ప్రోగ్రాము కోసం పుట్టి, 1994లో ఐఈఈఈ 1275 అనే ప్రమాణమైంది. దానికి ఓపెన్ ఫర్మ్‌వేర్ అని పేరు. పవర్‌పీసీ యంత్రాల లినక్స్ మనుషులు 2005 ప్రాంతాల్లో ఆ చెట్టుని చుట్టచుట్టి ఒక్క ఫైల్లో పట్టేలా చేశారు. కొబ్బరాకుల్ని మడిచి మోపు కట్టినట్టు. ఆ మోపు మొదటి నాలుగు బైట్లలో ఒక గుర్తు ఉంటుంది: డి, సున్నా, సున్నా, డి, ఎఫ్, ఇ, ఇ, డి. హెక్సాడెసిమల్‌లో అది సంఖ్యే, కానీ చదివితే "డూడ్ ఫీడ్" అని వినిపిస్తుంది. ప్రమాణాలు రాసేవాళ్లకీ సరసం ఉంటుందన్నమాట. కెర్నెల్ ముందు ఆ గుర్తు చూస్తుంది. లేకపోతే మోపు విప్పదు.

ఇప్పుడు ఒక కొమ్మని దగ్గరగా చూద్దాం. అసలు ఫైల్లో ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఇక్కడ మన లిపిలోకి దించుతున్నాను.

ఐ2సీ0: ఐ2సీ@40003000 {
    స్టేటస్ = "ఓకే";
    చెరువు_వేడి: సెన్సర్@48 {
        కంపాటిబుల్ = "టీఐ,టీఎంపీ108";
        రెగ్ = <0x48>;
        అలర్ట్-జీపీఐఓస్ = <&జీపీఐఓ0 11 1>;
    };
};

పైది నార్డిక్ కంపెనీ వారి ఎన్ఆర్ఎఫ్52 అనే చిన్న చిప్పులో ఒక ఐ2సీ దారి. @ గుర్తు తర్వాతి 40003000 ఆ దారికి చిప్పు లోపలి చిరునామా. దాని కడుపులో ఉన్నది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఉష్ణమాపకం, 48 దాని నంబరు. హెక్స్‌లో 48 అంటే మన లెక్కలో ఇందాకటి 72. ఇక్కడ ఒకటి గమనించండి. 40003000 మొత్తం చిప్పుకంతా ఒకటే. 48 అలా కాదు, ఆ దారి వరకే చెల్లుతుంది. పక్క ఐ2సీ దారి మీద ఇంకో 48 ఉన్నా గొడవ లేదు. రామాలయం వీధి ప్రతి ఊళ్లోనూ ఉంటుందిగా, ఏ ఊరి రామాలయం వీధో చెబితే చాలు.

చుక్కల జంటకి ముందున్న మాట వేరు, తర్వాతి మాట వేరు. తర్వాతది కొమ్మ అసలు పేరు. ముందున్నది లేబుల్, అంటే ఈ ఫైలు రాసేవాళ్లు తమ సౌకర్యం కోసం తగిలించిన ముద్దుపేరు. ఆ తేడా దగ్గరే కొత్తవాళ్లందరూ ఒక్కసారైనా జారతారు. నేను చాలాసార్లు జారాను.

దారి చెప్పి పిలిస్తే ఇలా ఉంటుంది: /సాక్/ఐ2సీ@40003000/సెన్సర్@48. సాక్ అంటే చిప్పు మొత్తాన్ని పట్టే కొమ్మ. మొదలు నుంచి ఆకు దాకా ఒక్క మెట్టు వదలకుండా. తప్పు పోయే వీలు లేదనిపిస్తుంది. కానీ దారికో రోగముంది. మధ్యలో ఒక్క మెట్టు పేరు మారితే మొత్తం చిరునామా చెల్లదు. 2022 ఏప్రిల్ 3న అమలాపురం పూర్తి చిరునామా రాస్తే తూర్పుగోదావరి జిల్లా, కలెక్టరు గారు కాకినాడలో. తెల్లారి ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా, కలెక్టరు గారు అమలాపురంలోనే. అదే ఏడాది జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అయింది. గడియార స్తంభం మాత్రం అంగుళం కదల్లేదు. "అమలాపురం" అని మాత్రమే అనుకునేవాళ్లకి ఏ ఇబ్బందీ రాలేదు. "తూర్పుగోదావరి జిల్లా, అమలాపురం" అని రబ్బరు స్టాంపు చేయించుకున్నవాళ్లు కొత్తది చేయించుకున్నారు. సీ కోడులో పూర్తి దారి రాయడమంటే రబ్బరు స్టాంపు చేయించుకోవడమే.

పేరుకి మరో ఇబ్బంది. ఒకే పేరు రెండు చోట్ల ఉండకూడదు. గన్నవరం అంటే విజయవాడ విమానాశ్రయమా, మన అక్విడెక్టా? అందుకే మనది పి.గన్నవరం. పోలవరం అంటే ప్రాజెక్టు గుర్తొస్తుంది, కనుక మన దగ్గరిది ఐ.పోలవరం. కొత్తపేటల సంగతి చెప్పక్కర్లేదు. డివైస్ ట్రీలో లేబుల్ ఫైలంతటికీ ఒక్కటే ఉండాలన్న నియమం ఈ తలనొప్పి కోసమే. రెండు కొమ్మలకి ఒకే లేబుల్ తగిలిస్తే కంపైలరు అక్కడికక్కడే ఆపేస్తుంది. మన రెవెన్యూ శాఖకి ఆ సౌకర్యం లేదు.

లేబుల్‌కి ముందు & పెడితే పిలుపు. ఇక్కడ ఒక చమత్కారముంది, చాలామంది గమనించరు. <> బ్రాకెట్ల లోపల &లేబుల్ అని రాస్తే అది ఒక సంఖ్యగా మారిపోతుంది. ఆ సంఖ్యని ఫ్యాండిల్ అంటారు. బ్రాకెట్లు లేకుండా అదే &లేబుల్ రాస్తే పూర్తి దారిగా, అక్షరాలుగా మారుతుంది. ఒకే పిలుపు, చోటుని బట్టి ఒకచోట నంబరు, ఒకచోట చిరునామా. మనం పెళ్లి శుభలేఖ మీద "మామయ్య" అని రాస్తే బంధుత్వం, బస్సు టికెట్టు మీద అదే మామయ్యకి సీటు నంబరు. మనిషి ఒకడే. ఫ్యాండిల్ ఎంతన్నది కంపైలరు ఇష్టం. ఈరోజు 5 అయింది రేపు 9 కావచ్చు. దాన్ని గుర్తుపెట్టుకుని కోడులో రాసుకునేవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు, చూస్తే జాలిపడతాను.

ఆ ఫ్యాండిల్ అక్కరకొచ్చేది ఎక్కడంటే, చెట్టు చెప్పలేని బంధుత్వాల దగ్గర. పై ముక్కలో చివరి వరస చూడండి. ఉష్ణమాపకం తల్లి ఐ2సీ. కానీ వేడి హద్దు మీరితే అది అరిచేది ఐ2సీ దారిలో కాదు. ఇంకో తీగ మీద, జీపీఐఓ అనే వేరే కొమ్మ 11వ కాలికి. చివరి 1కి అర్థం, ఆ తీగ మీద వోల్టేజీ కిందికి పడితే పిలుపు అని. నీళ్లు ఒకరి దగ్గర తాగి, ఫిర్యాదు ఇంకొకరికి చెప్పుకోవడం. చెట్టు తల్లీబిడ్డల్నే చూపగలదు, ఇలాంటి అడ్డ సంబంధాల్ని చూపలేదు. అందుకే ఆ నంబరు.

డివైస్ ట్రీ ప్రమాణం దీన్ని ఇంకో అడుగు ముందుకేసి చెబుతుంది. అంతరాయాలది, అంటే ఇంటరప్టులది, వేరే చెట్టే. తీగల చెట్టు ఒకటి, పిలుపుల చెట్టు ఇంకొకటి, రెండూ ఒకే నేల మీద. చదివినప్పుడు నాకు వెంటనే మురుగు కాలువలు గుర్తొచ్చాయి. డెల్టాలో చేనుకి నీళ్లు తెచ్చే కాలువ ఒకటి, నీళ్లు తీసుకుపోయే డ్రెయిన్ ఒకటి. రెండింటి కొమ్మలూ వేరు, పోకడా వేరు. సాగునీరు ధవళేశ్వరం నుంచి చేను దాకా పైనుంచి కిందికి వస్తుంది. మురుగు చేను దగ్గర మొదలై ఒక్కో పాయా కలుపుకుంటూ సముద్రం దాకా వెళుతుంది. ఇంటరప్టు కూడా అంతే. పని పైనుంచి దిగొస్తుంది, పిలుపు ఆకు దగ్గర పుట్టి పైకి పోతుంది. రెండో చెట్టుని పట్టించుకోకపోతే ఏమవుతుందో కోనసీమకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు పూడిపోయిన మురుగు కాలువలు కూడా వాళ్ల గోడుల్లో ఒకటి. శంకరగుప్తం డ్రెయిన్ వెంట పోటు నీరు ఎగదన్ని, కేశనపల్లి చుట్టుపక్కల కొబ్బరి చెట్ల తలలు వాడిపోయిన సంగతి మొన్నటిదే. కాలువలో నీళ్లు బాగానే ఉన్నాయి, తప్పు రెండో చెట్టులో ఉంది. బోర్డు మీద కూడా సరిగ్గా ఇలాగే జరుగుతుంది. ఉష్ణమాపకం అడిగినప్పుడల్లా జవాబిస్తుంది. హద్దు దాటినప్పుడు మాత్రం అరవదు. గంటల తరబడి ఐ2సీ వైపే చూస్తాం. తీరా చూస్తే అలర్ట్ వరసలో 11 బదులు 12 ఉంటుంది.

ఇక సీ సంగతి. రెండు పద్ధతులున్నాయి, వాటి మధ్య తేడా అక్విడెక్టుకీ పడవకీ ఉన్నంత.

లినక్స్ పద్ధతిలో చెట్టు మోపుగానే యంత్రంలోకి వస్తుంది. కెర్నెల్ లేచాక విప్పి, నడుస్తున్నప్పుడు వెతుక్కుంటుంది. అలా వెతికే పనిముట్ల పేర్లన్నీ ఓఎఫ్ అనే రెండక్షరాలతో మొదలవుతాయి. ఎందుకని నేను అడిగినప్పుడు చాలామంది నసిగారు. ఓపెన్ ఫర్మ్‌వేర్! సన్ యంత్రాల జ్ఞాపకం ముప్పై ఏళ్లుగా ఆ రెండక్షరాల్లో బతుకుతోంది. దారిని బట్టి కొమ్మని వెతికేది ఒకటి, ఫ్యాండిల్ పట్టుకుని వెళ్లేది ఒకటి. లేబుల్ పట్టుకుని వెతికేది మాత్రం మామూలుగా లేదు. ఎందుకంటే మోపు కట్టేటప్పుడు లేబుళ్లన్నీ రాలిపోతాయి. అవి ఫైలు రాసినవాళ్ల సౌకర్యం మాత్రమే. ముద్దుపేర్లు రేషన్ కార్డు దాకా రావు కదా. ప్రత్యేకంగా కోరితే కంపైలరు వాటిని ఒక పక్క కొమ్మలో దాచిపెడుతుంది. తర్వాత అతుకులు, అంటే ఓవర్లేలు, వేసుకునే రాస్‌ప్‌బెర్రీ పై లాంటి బోర్డులకి అది కావాలి.

నిజానికి లినక్స్‌లో మంచి డ్రైవరు, అంటే ఒక చిప్పుని నడిపే ప్రోగ్రాము, చెట్టులో వెతకనే వెతకదు. "టీఐ వారి టీఎంపీ108 ఎక్కడున్నా నాకు చెప్పండి" అని పేరు రాయించుకుని కూర్చుంటుంది. కంపాటిబుల్ అనే వరస అందుకే. కెర్నెల్ చెట్టంతా తిరిగి, ఆ మాట కనిపించిన ప్రతి కొమ్మనీ తెచ్చి డ్రైవరు చేతిలో పెడుతుంది. పురోహితుడు ఇంటింటికీ తిరగడు, పిలిచిన ఇంటికి వెళతాడు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. వెతికి తెచ్చుకున్న కొమ్మని వాడాక తిరిగిచ్చేయాలి. ఎంతమంది పట్టుకున్నారో కెర్నెల్ లెక్కేస్తుంది. పక్కింటి గిన్నె తెచ్చుకుని ఇవ్వకపోతే ఆ రోజుకేం కాదు. ఏడాది తర్వాత వాళ్లింట్లో గిన్నెలే ఉండవు.

రెండో పద్ధతి జెఫైర్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ది. 2016లో లినక్స్ ఫౌండేషన్ నీడలో మొదలైంది. ఇది నడిచే చిప్పుల్లో కొన్నిటికి ర్యామ్ 64 కిలోబైట్లే. మోపు విప్పి, చెట్టు నిలబెట్టి, వెతుక్కునే వైభవం అక్కడ కుదరదు. అందుకని జెఫైర్ చెట్టునంతా కంపైల్ అయ్యేటప్పుడే కరిగించి సీ మ్యాక్రోలుగా పోత పోస్తుంది. ఒక్కో కొమ్మకీ, ఒక్కో గుణానికీ ఒక్కో పొడుగాటి మ్యాక్రో. /సాక్/ఐ2సీ@40003000 అనే దారి "డీటీ_ఎన్_ఎస్_సాక్_ఎస్_ఐ2సీ_40003000" అవుతుంది. ఎన్ అంటే నోడ్, ఎస్ అంటే దారిలోని గీత. సీ భాష @ని, అడ్డగీతని పేర్లలో ఒప్పుకోదు కనుక అన్నీ కిందగీతలైపోతాయి. యంత్రం నడిచే వేళకి చెట్టు ఎక్కడా ఉండదు, దాని నుంచి పుట్టిన సంఖ్యలు మాత్రమే ఉంటాయి. చెరుకు లేదు, బెల్లం ఉంది.

దీని లాభం, లేబుళ్లు ఇక్కడ బతికే ఉంటాయి. డీటీ_నోడ్‌లేబుల్ అనే మ్యాక్రోలో చెరువు_వేడి అని పెడితే సరిపోతుంది. దారితో పిలవాలంటే డీటీ_పాత్, మారుపేరుతో అయితే డీటీ_ఏలియాస్. కష్టం ఏమిటంటే, ఆ మ్యాక్రో ఇచ్చేది విలువ కాదు. సీ తెలిసినవాడు వెంటనే "దీన్ని ఒక వేరియబుల్‌లో పెట్టుకుని తర్వాత వాడుకుంటాను" అనుకుంటాడు. కుదరదు. అది కంపైలరుకి ముందు నడిచే ప్రీప్రాసెసర్ మాటల ముక్క. కాగితం మీద రాసిన "గన్నవరం కాలువ" అనే మాట లాంటిది. ఆ మాటతో ఇంకో మాట అతికించి సమాధానం రాబట్టొచ్చు. ఆ మాటని బకెట్లో పోసుకోలేం.

నేను దీన్ని నేర్చుకున్నది కాట్రేనికోన దగ్గర మా బావ రొయ్యల చెరువు గట్టు మీద. రొయ్యకి గండం తెల్లారుజామున. రాత్రంతా నీటిలోని నాచూ రొయ్యలూ ఆక్సిజన్ తాగేసి, పొద్దు పొడిచే ముందు అది అట్టడుక్కి పడుతుంది. బావ రాత్రుళ్లు అలారం పెట్టుకుని లేచి ఏరేటర్లు చూసుకునేవాడు. ఆక్సిజన్ కొలిచే ప్రోబు ఖరీదెక్కువ కనుక, ముందు నీటి వేడి చూసే పెట్టె ఒకటి చేద్దామన్నాను. ఎన్ఆర్ఎఫ్52 బోర్డు, రెండు తీగల మీద టీఎంపీ108, గొట్టంలో పెట్టి ఎపాక్సీ పోశాం. కోడులో నేను ధీమాగా పూర్తి దారి రాశాను. మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచింది.

వర్షాల్లో పెట్టెలోకి నీరుపోయి బోర్డు పోయింది. నా దగ్గర మిగిలింది ఎస్‌టీఎం32ఎఫ్4 బోర్డు. అందులో కూడా ఐ2సీ ఉంది, కానీ చిరునామా 40003000 కాదు, 40005400. కంపైల్ కొడితే తెర నిండా డీటీ_ఎన్_ఎస్_సాక్ అని లోపల ఉన్న మూరెడు మాట, అది "ఎక్కడా ప్రకటించలేదు" అని తప్పు. ఆ మాట భయపెట్టేలా ఉంటుంది కానీ చదవగలిగితే నిజాయితీ గలది. లోపల దారి మొత్తం రాసి ఉంటుంది: సాక్, ఐ2సీ, 40003000. అలాంటి కొమ్మే ఈ చెట్టులో లేదు అని చెబుతోంది. జిల్లా మారింది, నా స్టాంపు పాతది.

దారి తీసేసి ఏలియాస్ పెట్టాను. ఒక్కో బోర్డుకీ ఒక చిన్న ఓవర్లే ఫైలు, అందులో "పాండ్-టెంప్ అంటే ఇక్కడ ఇది" అని ఒక వరస. కోడులో పాండ్_టెంప్ అన్న మాట ఒక్కటే. ఏ బోర్డయినా ఆ మాటకి తన చెట్టులో ఏ కొమ్మో చూపిస్తుంది. మళ్లీ కంపైల్ కొట్టాను. ఈసారి కంపైలరు దాటి, ముక్కలన్నీ కలిపే లింకరు దగ్గర ఆగింది. తప్పు వేరు: "డివైస్_డీటీఎస్_ఓఆర్‌డీ_" అని, దాని పక్కన ఒక నంబరు, అది దొరకలేదని.

బావ పక్కన కూర్చుని పకోడీ తింటూ, "ఇందాక లేదంది, ఇప్పుడేమంటోంది బావా?" అన్నాడు.

"ఉంది కానీ లేదంటోంది."

"మన కోటిపల్లి రైలు లాగా?"

అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. కోటిపల్లి–నరసాపురం రైలు దారి పటంలో ఉంది. గౌతమి పాయలో స్తంభాలు నిలబడి ఉన్నాయి. అమలాపురంలో టికెట్టు అడిగితే మాత్రం ఇచ్చేవాడు లేడు. చెట్టులోనూ అలాంటి కొమ్మలుంటాయి. చిప్పులో ఉన్న ప్రతి దారినీ తయారీదారు చెట్టులో రాసిపెడతాడు, చాలావాటికి స్టేటస్ "డిజేబుల్డ్" అని పెడతాడు. వాడుకునేవాడు "ఓకే" చేసుకోవాలి. కొమ్మ ఉందా అంటే ఉంది, మ్యాక్రోలన్నీ పుడతాయి, కంపైలరు తృప్తిపడుతుంది. ఓకే అన్న కొమ్మలకే డ్రైవరు ప్రాణం పోస్తుంది. ప్రాణం పోయని వస్తువు కోసం లింకరు వెతికి, దొరక్క, దాని వరస నంబరు చెప్పి చేతులెత్తేస్తుంది. కొమ్మలన్నిటినీ ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారో చూసి వరసలో నిలబెట్టి ఇచ్చిన నంబరు అది. తల్లి ముందు, బిడ్డ తర్వాత. ఆ నంబరు ఎవరిదో తెలియాలంటే, జెఫైర్ పుట్టించిన హెడర్ ఫైలు మొదట్లో వ్యాఖ్యగా నంబర్లూ దారుల జాబితా ఉంటుంది. తెరిచి చూసుకోవడమే.

మూరెడు మాట కనిపిస్తే చెట్టులో కొమ్మ లేదని అర్థం. పొట్టి నంబరు కనిపిస్తే కొమ్మ ఉంది, దాని డ్రైవరు లేవలేదని. ఈ తేడా ముందే తెలిసుంటే ఆ రాత్రి రెండు గంటలు మిగిలేవి. ఓవర్లేలో ఐ2సీ కింద స్టేటస్ ఓకే చేశాను. లింకరు దాటింది, బోర్డులోకి ఎక్కింది, తెర మీద 29 డిగ్రీలు కనిపించింది. బావ చెరువులో చెయ్యి పెట్టి చూసి, "అంతే ఉంటుందిలే" అన్నాడు.

వారం తర్వాత ఫోన్ చేశాడు. పక్క చెరువుకి కూడా ఒకటి పెట్టాలట, అదే పెట్టెలో. నేను లెక్క చెప్పాను. టీఎంపీ108కి ఏ0 అని ఒక కాలుంది. దాన్ని ఎక్కడ కలుపుతామన్న దాన్ని బట్టి 48 నుంచి నాలుగు నంబర్లలో ఒకటి తీసుకుంటుంది. కాబట్టి రెండోదానికి 49 పెట్టుకుందాం, కాకపోతే ఎపాక్సీ పోయకముందే ఆ కాలు మార్చి అతకాలి, నేను వచ్చేదాకా ఆగు అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. ఏరేటర్ల చప్పుడు వినిపిస్తోంది.

"బావా, ఆ బోర్డుకి ఇంకో బోదె ఉందన్నావు కదా, ఐ2సీ ఏదో. దాని మీద పెడితే మళ్లీ 48 అనే పెట్టుకోవచ్చు కదా? కాలు మార్చక్కర్లేదు."